మెడ మీద చెయ్యి

మా ఆయనకు నేనిప్పుడు కాలరున్న చొక్కాలు కుట్టడం లేదు. పాతవి కొన్ని బీరువాలో అలాగే ఉన్నాయి. ఆ కాలర్లలో మామూలు మనుషుల మెడలు రెండు పడతాయి. పెళ్లయిన కొత్తలో మొదటిసారి కొలత తీసుకున్నప్పుడు, టేపు తప్పు చూపిస్తోందేమోనని మళ్లీ కొలిచాను. తల ఎంత వెడల్పో మెడా అంత వెడల్పు. "గట్లనే ఉంటది, పహిల్వాన్ మెడ గదా," అని ఆయన మురిసిపోయాడు.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో నాకో చిన్న కుట్టు దుకాణం ఉంది. చీరలకు ఫాల్సు, పీకో, జాకెట్లు. మావాళ్లు తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. ఆయనది నాంపల్లి, ఇత్తడి సామాన్లు అమ్ముకునే పాత కుటుంబం. పెళ్లిచూపుల్లో మా అమ్మ ఆయన చెవులు చూసి హడలిపోయింది. కుస్తీలో నలిగి నలిగి అవి వేయించిన అప్పడాల్లా ముడుచుకుపోయి ఉండేవి. "వాటిలోకి మాటలు వెళ్తాయంటావా?" అని నన్ను చాటుగా అడిగింది. వెళ్లవని తర్వాత నాకు బాగా తెలిసొచ్చింది.

ఆయన కుస్తీ కథ పెద్దదేం కాదు. చిన్నప్పుడు ఊపిరి ఆడక ఊరికే జబ్బుపడుతుంటే, ఇంటికి దగ్గర్లో ఉన్న తాలీంలో, అదే, కుస్తీ నేర్పే చోట, తండ్రి తీసుకెళ్లి వదిలాడు. అక్కడి ఉస్తాద్, అంటే గురువు, ఆయన్ని కొడుకులా పెంచాడు. అందుకే పెళ్లయ్యాక నేనూ ఉస్తాద్‌ను మామయ్యగారనే పిలిచేదాన్ని. దండీలు, బస్కీలు, బాదం పాలు. మీసాలు వచ్చేసరికి జిల్లాల్లో పోటీలు గెలిచాడు. వెండి గద భుజాన పెట్టుకుని, పూలదండలతో లారీ మీద నాంపల్లి అంతా తిరిగాడు. ఆ గెలుపుల పుణ్యాన లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అక్కడ పగలంతా ఫైళ్లు మోసేవాడు. పొద్దునా సాయంత్రం తాలీంలోనే.

నలభై దాటాక పోటీలకు వెళ్లడం మానేసి కుర్రాళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు. కుస్తీ నేర్పడమంటే నోటితో చెప్పడం కాదు. తన మెడను వాళ్ల చేతికి ఇవ్వాలి. ఒకడి తర్వాత ఒకడు వచ్చి మెడ వెనక చెయ్యి వేసి, శక్తి కొద్దీ కిందికి గుంజుతాడు. గుంజనిచ్చి, ఎలా గుంజాలో చెప్పాలి. ఏళ్ల తరబడి ఆయన చేసిన పని అదే. ఇంటికొచ్చాక నేను ఆవనూనె రాసేదాన్ని. వేళ్లకు ఆ కండ బండలా తగిలేది. దానికి ఏమీ కాదని నేనూ నమ్మాను. నమ్మకేం చేస్తాం, బండకు జబ్బు చేస్తుందని ఎవరనుకుంటారు?

మొదట గ్లాసు. ఒకరోజు పొద్దున స్టీలు గ్లాసులో టీ ఇచ్చాను, పొయ్యి మీద నుంచి దించి పోసిందే. ఆయన దాన్ని గుప్పిట నిండా పట్టుకుని పేపరు చదువుతూ కూర్చున్నాడు. నేను కొంగుతో తప్ప ముట్టుకోలేని గ్లాసది. కాసేపటికి చూస్తే అరచేయి కందిపోయి, బొబ్బ లేస్తోంది.

"కాలడం లేదా మీకు?" అన్నాను.

ఆయన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "తెల్వలే," అన్నాడు. నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఒక ఆదివారం అబిడ్స్‌లో, పేవ్‌మెంటు మీద పుస్తకాలు పరిచే చోట ఇద్దరం నడుస్తున్నాం. ఆయన ముందు, నేను వెనక. ఎవరిదో పెద్ద చెప్పు దారిలో పడి ఉంటే దాటుకుని వెళ్లబోయి ఆగాను. ఆయనదే. కాలి నుంచి జారిపోయినా తెలియకుండా, ఒంటి చెప్పుతో, ఎండకు మండుతున్న నేల మీద ఆయన నడిచిపోతున్నాడు. చెప్పు పట్టుకుని జనంలో వెనక పరిగెత్తాను. నాకు చెమటలు పట్టింది ఎండకు కాదు. ఇంత మనిషిలో ఎక్కడో దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోతున్నాయని నాకు ఆ క్షణాన అనిపించింది.

"నరం పట్టింది, అంతే. ఉస్తాద్ ఒక్క గుంజు గుంజితే పోతది," అన్నాడు.

ఉస్తాద్ గుంజేవాడు. తాలీంలో ఏ నొప్పికైనా మందు అదే. ఆయన్ని మట్టిలో కూర్చోబెట్టి, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి, అటు ఒకసారి ఇటు ఒకసారి విరిచేవాడు. పటుక్కుమనేది. "అబ్బ, హాయిగుంది ఉస్తాద్," అనేవాడట మా ఆయన. ఆ మర్నాడు చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతయ్యేది కాదు. నేనే పెట్టేదాన్ని. ప్రేమగా చేసే పనికి అడ్డం పడితే అడ్డం పడినవాళ్లదే తప్పవుతుంది. ఇంట్లో అందరూ నన్ను గయ్యాళిని చేశారు. అయితే అయ్యానని ఆయన్ని చెయ్యి పట్టుకుని దవాఖానకు లాక్కెళ్లాను.

డాక్టరు స్కానింగ్ చూశాడు. మెడ ఎముకల మధ్య వెన్నుపాము నలిగిపోతోందని, వెంటనే ఆపరేషన్ చేయాలని చెప్పాడు. "అప్పటిదాకా ఈ మెడ మీద ఎవరి చెయ్యీ పడకూడదు. ఒక్క కుదుపు చాలు, కాళ్లూ చేతులూ పోతాయి," అన్నాడు. మా ఆయన బుద్ధిమంతుడిలా వింటూ కూర్చున్నాడు. సోమవారం చేర్చుకుంటామన్నారు.

ఆదివారం పొద్దున స్నానం చేసి, "తాలీంకు పోయొస్తా. ఉస్తాద్ దీవెన తీసుకోవాలె," అన్నాడు.

ఆ దీవెన ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెద్ద పోటీకి వెళ్లేముందు శిష్యుడు మట్టిలో మోకాళ్ల మీద వంగి ఉస్తాద్ కాళ్లకు మొక్కుతాడు. ఉస్తాద్ అతని మెడ మీద అరచెయ్యి వేసి, నుదురు మట్టిలో దిగేదాకా నొక్కుతాడు. నుదుటికి ఎంత మట్టి అంటితే అంత మేలు. ఉస్తాద్ జ్వరంతో పడుకుని ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి ఆ దీవెన లేకుండా పోటీకి వెళ్లి, మా ఆయన ఓడిపోయి వచ్చాడు. ఇక ఆయనకు ఎవరేం చెప్పగలరు?

"నోటితో దీవించమనండి. మెడ ముట్టుకోనివ్వద్దు. నా మీద ఒట్టు," అన్నాను.

"నీ మీద ఒట్టు," అన్నాడు.

నేనూ వెంట వెళ్లాను. ఆడవాళ్లు తాలీం గడప దాటకూడదు. గడప బయటే నిలబడ్డాను. లోపల ఆంజనేయుడి పటం, గోడలకు ఆనించిన గదలు, నూనె, పసుపు కలిపి తవ్వి పెట్టిన ఎర్రమట్టి. పదిమంది దాకా పహిల్వాన్లు కసరత్తు ఆపి చుట్టూ చేరారు. తాలీంలో జబ్బు, దవాఖాన అనే మాటలు ఎత్తకూడదని నియమం. అందుకని ఆపరేషన్ అనలేదు మా ఆయన. "రేపు కుస్తీ ఉన్నది ఉస్తాద్," అన్నాడు. దవాఖాన సంగతి ముందే విన్నవాళ్లే, అందరికీ అర్థమైంది. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

మా ఆయన మోకాళ్ల మీద వంగాడు. ఉస్తాద్ చెయ్యి పైకి లేచింది. నేను గడప బయట నుంచి గొంతు చించుకుని అరిచాను.

"మామయ్యగారూ, మెడ ముట్టుకోవద్దు! మీకు దణ్ణం పెడతాను, ముట్టుకోవద్దు!"

ఉస్తాద్ చెయ్యి ఆగిపోయింది. "బిడ్డ వద్దంటున్నది గదరా," అన్నాడు.

మా ఆయన తల ఎత్తలేదు, నా వైపు చూడలేదు. "దీవెన లేకుండ నేను కత్తి కిందికి పోను ఉస్తాద్," అన్నాడు. ఆ ముసలి చేతిని తనే పట్టుకుని కిందికి లాగి, తన మెడ మీద పెట్టుకున్నాడు.

మెల్లగానే నొక్కానని ఉస్తాద్ ఈనాటికీ చెబుతాడు. నొక్కకపోయినా అంత పనీ జరిగేదని డాక్టర్లలో ఒకాయన అన్నాడు. ఉండొచ్చు. ఆపరేషన్ జరిగింది, ఆయన బతికాడు. చేతులు కొంచెం తిరిగొచ్చాయి. అన్నం కలుపుకోగలడు. కాళ్లు రాలేదు. మెడ చుట్టూ గట్టి పట్టీ ఉంటుంది, అందుకే కాలర్లు కుట్టను. ఇవన్నీ నేను మోయగలను, మోస్తున్నాను. ఆ పొద్దున ఆ తర్వాత జరిగింది మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు.

"ఉస్తాద్, లేస్తలేను," అన్నాడు మట్టిలో నుంచి. ముందు ఎవరికీ అర్థం కాలేదు. "చేతులు ఏవి?" అని అడిగాడు. నేను గడప దాటేశాను. నన్ను ఎవరూ ఆపలేదు.

అంబులెన్సులో ఇద్దరు వచ్చారు. మనిషి భారీగా ఉన్నాడు, తలా మెడా కదలకుండా నలుగురైదుగురు పట్టి వెల్లకిలా తిప్పితే గానీ స్ట్రెచర్ పలక మీదికి ఎక్కించలేమన్నారు. అంతే, మా ఆయన ఏడుపు మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఏడవలేదు.

"ఒద్దు. నా ఈపు ఈ మట్టికి తగలనియ్యకున్రి. గిట్లనే బోర్లనే తీస్కపోన్రి."

కుస్తీలో వీపు మట్టికి ఆనితేనే ఓటమి. బయట ఎక్కడ ఓడినా, తన తాలీం మట్టి మీద ఆయన వీపు ఎవరూ ఆనించలేదు.

అంబులెన్సు వాళ్లు కుదరదన్నారు. ఉస్తాద్, "మొకాలు తిప్పుకోన్రి బిడ్డలూ. ఎవ్వడు చూడొద్దు," అన్నాడు. పదిమందీ గోడల వైపు తిరిగి నిలబడ్డారు. ఉస్తాద్ కూడా తిరిగాడు. ఆ పదిమందిలో ఒక్కొక్కడు నాలుగు బియ్యం మూటలు ఎత్తగల మనిషి.

"సిగ్గులేదా మీకు? ఒక్కరైనా ఇటు వచ్చి చెయ్యి వెయ్యండయ్యా!" అని అరిచాను. ఒకడి వీపు వెక్కివెక్కి కదిలింది గానీ ఎవడూ తిరగలేదు.

"అమ్మా, మీరే తల పట్టుకోండి, కదలనివ్వకండి," అన్నాడు అంబులెన్సు అతను. మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని ఆ తలను రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. నేను ఒకటీ రెండూ మూడని లెక్కపెడితే, అంబులెన్సు వాళ్లిద్దరే కష్టం మీద ఒంటిని తిప్పారు. వీపు మట్టికి ఆనింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఎవ్వరన్న చూస్తున్రా?" అని అడిగాడు.

"ఎవరూ చూడటం లేదండీ," అన్నాను.