కన్ను గుర్తు కింద రాని పేరు

నా తమ్ముడు ముత్తన్న ఎడపల్లిలో ఉంటాడు. చెరుకు కాలంలో ట్రాక్టరు మీద చెరుకు లోడ్లు తోలతాడు, మిగతా దినాలు వడ్లు తోలతాడు. మాట తక్కువ. చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఏడ్చేవాడు కాదు, గోడవైపు తిరిగి నిలబడేవాడు. నలభై ఐదేళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు. కోపం వచ్చినా అంతే, బాధ వచ్చినా అంతే. ఏది ఏదో చూసేవాళ్లకు తెలియదు. నాకూ తెలియలేదు.

ఆరేళ్ల కింద మా ఆడబిడ్డ కూతురి పెండ్లిలో, భోజనాల బంతిలో, మా ఆయన రాజేశ్వర్ నోరు జారాడు. వడ్డన దగ్గర ఏదో మాటా మాటా వచ్చి, "ట్రాక్టర్ తోలెటోడు నాకు జెప్పొచ్చిండు" అన్నాడు, నలుగురూ వింటుండగా. ముత్తన్న విస్తరి ముందు నుంచి లేచాడు. చేయి కడుక్కుని, ఫోను తీసి, ఈ మనిషి నంబరు కూడా తన దగ్గర ఉండొద్దని నా ముందే తీసేశాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. పండుగకో పబ్బానికో నా చిన్న ఫోనుకు చేసి రెండు మాటలు మాట్లాడేవాడు.

మొన్న మాఘంలో మా ఆయన పోయాడు. ఛాతీలో నొప్పి అన్నాడు, ఆటో వచ్చేలోపే అయిపోయింది. ముత్తన్న వచ్చి పాడె మోశాడు. పదకొండో దినం నాడు వాకిట్లోనే నిలబడి, అటు నుంచి అటే వెళ్లిపోయాడు.

మా దిక్కు దినాలు అయినంక తల్లిగారివాళ్లు వచ్చి ఆడమనిషిని నిద్రకు తీసుకుపోవాలి. అక్కడ ఒక రాత్రి పండుకుని వస్తేనే మళ్లీ పదిమంది ఇళ్లకు పోవచ్చు. అమ్మా బాపూ లేరు, ఉన్నది తమ్ముడొక్కడే. పిలవాల్సింది వాళ్లు, మనం అడగొద్దు. నేను అడగలేదు. రెండు నెలలు ఎవరి గడపా ఎక్కలేదు. పక్కింటి హుసేన్ బీ, "లోపట్కి రా బేటీ, మా ఇంట్ల గవి పట్టింపు లేదు" అన్నా, వాళ్ల వాకిట్లోనే నిలబడి వచ్చేదాన్ని.

ఆమె మనవరాలు రుక్సార్, మా ఆయన పెద్ద ఫోనులో వాట్సాప్ స్టేటస్ పెట్టడం నేర్పింది. రోజూ పొద్దున బియ్యం పొయ్యి మీద పెట్టి, ఆయన ఫోటో ఒకటి పెట్టేదాన్ని. ఊరంతా చూడాలని కాదు. తమ్ముడు చూస్తే, చూసి మనసు కరిగితే, వచ్చి తీసుకుపోతాడని. కన్ను గుర్తు నొక్కితే చూసినవాళ్ల పేర్లు వస్తాయి. ఆయన దోస్తులు చూశారు, పాలాయన చూశాడు, ఎన్నడూ పలకరించని తోటికోడలు కూడా చూసింది. ముత్తన్న పేరు మాత్రం రాలేదు. నాకు చదువు నిదానం, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. దాటిపోయిందేమోనని మళ్లీ పైనుంచి చదివేదాన్ని. మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టే ముందు ఒకసారి. మర్నాటికి ఆ ఫోటో పోయేది, ఇంకోటి పెట్టేదాన్ని. ఇంట్లో పనేం లేదు, అయినా పొద్దు వాలేసరికి ఒళ్లు హూనమయ్యేది.

ఒకరోజు రుక్సార్‌ను అడిగాను, చూసి కూడా పేరు రాకుండా ఉంటుందా అని. ఉంటుంది, కొందరు దాచుకుంటారు అంది. ఫోను తిప్పి చూస్తూ, మళ్లీ తనే అంది.

"ఆంటీ, ముత్తన్న మామ ఫోన్ల ఈ నంబరుందా? ఇద్దరి ఫోన్లల్ల ఇద్దరి నంబర్లుంటెనే స్టేటస్ పోతది. లేకుంటె ఆయనకు కనవడనే కనవడది."

పెండ్లి బంతి గుర్తొచ్చింది. ఏ నంబరు తీసేసి వాడు లేచిపోయాడో, ఆ నంబరు నుంచే ఇన్నాళ్లూ వాడి కోసం ఫోటోలు పెట్టాను. వాడు చూడనని మొఖం తిప్పుకోలేదు. వాడి దాకా ఒక్కటీ పోనేలేదు.

ఆ మధ్యాహ్నమే చిన్న ఫోనుతో చేశాను. అడగొద్దన్నది అడిగాను.

"ముత్తన్నా, నన్ను నిద్రకు తీస్కపోవా?"

వెనక ట్రాక్టరు చప్పుడు వినబడుతోంది. ఇంజను ఆపాడు.

"ఆరేండ్లు గడప తొక్కనోన్ని. ఏ మొఖంతోని వచ్చి పిలువాలె అక్కా?"

"మీ బావ ఫోన్ల నీ నంబరు అట్లనే ఉందిరా. తియ్యలే."

 

మర్నాడు పొద్దున్నే బండి మీద వచ్చాడు. సంచిలో కొత్త చీర ఉంది. ఈసారి గడప దాటి వచ్చి, ఆయన ఫోటో ముందు నిలబడ్డాడు. ఆయన నంబరు చెప్పమన్నాడు. ఒక్కొక్కటే నొక్కి, పేరు దగ్గర ఆగి, బావ అని రాసుకున్నాడు.

నిద్ర చేసిన తెల్లారి, ఎడపల్లిలో వాళ్ల వంటింట్లో కూర్చుని ఆయన ఫోటో పెట్టాను. చాయ తాగి కన్ను గుర్తు నొక్కితే ఒకటే పేరు ఉంది. ముత్తన్న.

వాకిట్లోకి తొంగి చూశాను. చేతిలో ఫోను పట్టుకుని, ట్రాక్టరు వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.