నా పేరు మీద లైను, నేనెంచుకున్న మోడెం

మొన్న మిర్యాలగూడలో మా చెల్లెలింటికి వెళ్లాను. ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినతను గుమ్మంలోనే నిలబడి, ఏ మోడెం కావాలో సార్‌తోనే మాట్లాడతానన్నాడు. మా చెల్లెలు నవ్వి ఊరుకుంది గానీ నాకు ఒళ్లు మండింది. అలాంటి మాటే నేను చాలా ఏళ్ల కిందట సూర్యాపేటలో విన్నాను.

అప్పట్లో మేము కోదాడలో ఉమ్మడి కుటుంబంగా ఉండేవాళ్లం. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మావారు నిచ్చెన మీంచి జారిపడి, నడుము దెబ్బతిని మంచాన పడ్డారు. ఇల్లు ఎట్లా గడవాలా అని చూస్తుండగా హైదరాబాదులో ఒక ఆఫీసు, డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేసే పని ఇంటికే ఇస్తామంది. పెళ్లికి ముందు నేర్చిన టైపు నా చేతుల్లో ఉంది, మా తమ్ముడు తెచ్చిచ్చిన పాత కంప్యూటరుంది. లేనిదల్లా వేగంగా నడిచే ఇంటర్నెట్టే.

ఇంట్లో ఫోను మా బావగారిది, అంటే మావారి అన్నగారిది. ఆయన నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. మావారి మంచం పక్కన కూర్చుని, నాకు వినబడేలా అన్నారు.

"ఇంటి కోడలు పగలంత చెవులల్ల తీగలు పెట్టుకొని కూసుంటే నలుగురు ఏమనుకుంటరు? నా ఫోనుకు ఏదీ తగిలియ్యనియ్య."

మావారు గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను మర్నాడే టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లి నా పేరు మీద వేరే లైను అడిగాను. ఆ ఇంట్లో నా పేరున వచ్చిన మొదటి వస్తువు అదే.

మోడెం కిరాయికిస్తామన్నారు గానీ నెలనెలా కిరాయి కట్టడం ఇష్టం లేక, మావారు లేచి నడవగలిగాక ఇద్దరం బస్సెక్కి సూర్యాపేట వెళ్లాం. దుకాణదారు రెండు కొమ్ములున్న ఖరీదైన మోడెం తీసి, దీంతో తీగ లేకుండానే ఇంట్లో ఏ మూలకైనా నెట్ వస్తుందని మావారికే చెప్పుకుపోతున్నాడు. ఎంత ఖరీదైనది పెట్టినా మా లైనుకున్న వేగం పెరగదని నేను ముందే కనుక్కున్నాను. నాకున్నది ఒక్క కంప్యూటరు, అదీ ఫోను పక్కనే. ఆ సంగతి చెప్పబోతే అతను మావారి వైపు చూసి, మేడంకు ఇవన్నీ ఏం తెలుస్తాయన్నాడు.

"సార్‌ను గాదు, నన్ను సూసి చెప్పు," అన్నాను. "నాకు తీగతోటి నడిచే చిన్నదే కావాలె. ఉంటే ఇయ్యి, లేకుంటే పక్క దుకాణానికి పోతం."

అతను కింది అరలోంచి చిన్న డబ్బా తీశాడు. పడిపోయినప్పటి నుంచీ నవ్వని మావారు తిరుగు బస్సులో ఆ దుకాణదారు ముఖం తలచుకుని నవ్వారు.

తీరా తగిలిస్తే నెట్ వచ్చినట్టే వచ్చి పోసాగింది. చవక మోడెం కొన్నానని, అగ్గువదానికి గట్లనే ఉంటదని బావగారు వసారాలోంచి అందుకున్నారు. పట్టుదల కొద్దీ మోడెం సంచిలో వేసుకుని టెలిఫోన్ ఆఫీసుకు పోయి, అక్కడి లైనుకు పెట్టించి చూశాను, చక్కగా నడిచింది. లోపం మోడెంది కాదు, మా గోడకు వేలాడుతున్న పాత తీగనే టెలిఫోన్ వాళ్లు నా కొత్త లైనుకు వాడేశారు. దాన్ని మార్చడానికి మనిషిని పంపేదాకా అక్కడి బల్ల మీంచి లేవలేదు. ఆ సాయంత్రం నేను టైపు చేసిన మొదటి పని హైదరాబాదు చేరింది. ఆ పనితోనే ఇల్లు నిలబడింది.

ఆ మరుసటి వేసవిలో బావగారి అమ్మాయి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసింది. ఫలితాలు నెట్‌లో వచ్చిన రోజు ఆయన మా గది గడప దగ్గర నిలబడి, మొదటిసారి నా ముఖం చూసి మాట్లాడారు.

"జర సూడమ్మా."

నేను కుర్చీలోంచి లేచి అమ్మాయిని కూర్చోబెట్టి, "నువ్వే సూస్కో బిడ్డా, పరీక్ష రాసింది నువ్వే గద," అన్నాను. తన నంబరు కొట్టి, సీటొచ్చే ర్యాంకు చూసుకుని, ఆ పిల్ల ముందు నా మెడే కావలించుకుంది.

ఇప్పుడు నెట్ ప్రతి చేతిలోనూ ఉంది. కావలసిన కబురు కోసం ఎవరూ ఎవరి గడపా తొక్కనక్కర లేదు. బావగారు పోయి చాలా కాలమైంది. వద్దనే వాళ్లు లేకపోవడం మంచిదే, ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరను. అయినా పైకే వద్దని చెప్పి, తమ మాట చెల్లకపోయాక గడప దాకా నడిచివచ్చి అడిగే మనుషులు ఇప్పుడు కనబడక, ఆయన కోపం కూడా అప్పుడప్పుడు గుర్తుకొస్తుంది.