నేను వెళ్ళని సభలో నా సంతకం

తెనాలి–రేపల్లె ప్యాసింజర్లో కిటికీ పక్క సీటు నాకెప్పుడూ ఎండవైపే దొరికేది. దీనిమీద ఫిర్యాదు రాద్దామని రెండేళ్ళు అనుకున్నానే గాని కలం తీయలేదు. తీయకూడని చోట మాత్రం తీశాను. ఆ ఘోరమే ఇప్పుడు చెప్పబోయేది.

ఎనభైల చివర్లో చెరుకుపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఏడో తరగతికి పౌరశాస్త్రం చెప్పేవాణ్ణి. మకాం అక్కడే, అద్దెగదిలో; ఆ రైలు ఆదివారాలు ఇంటికి వెళ్ళిరావడానికి. ఒక ఉదయం సగం గడ్డం గీసుకుని ఉండగా పంచాయతీ బంట్రోతు గ్రామసభ మినిట్సు పుస్తకం తెచ్చాడు. సభ ఎప్పుడు జరిగిందని అడిగాను.

“మీరు సంతకం పెడితే జరిగినట్టేనండి.”

అంత వినయంగా అడిగితే కాదనడం మర్యాద కాదు. పైగా నా సంతకం చూడ్డానికి బాగుంటుంది. చదవకుండా, అందరికంటే పైన, సబ్బు నురగ అంటకుండా పెట్టాను.

వారం తిరక్కుండా గ్రామసభ పాఠం వచ్చింది. డిపాజిట్ దక్కదని తెలిసిన అభ్యర్థిలా గొంతు చించుకున్నాను. సభకు రానివాడు పౌరుడే కాడన్నాను. మినిట్సు పుస్తకం అడిగి చూడండని బల్ల గుద్దాను. పిల్లలు పాఠాలు వినరని నాకు గట్టి నమ్మకం ఉండేది. విన్నారు.

మర్నాడు కరుణమ్మ లేచింది. నెలకో మాట మాట్లాడే పిల్ల. నలుగురు కలిసి వెళ్ళి పుస్తకం చూసొచ్చారట.

“మా పేటకి రావాల్సిన మంచినీళ్ళ కుళాయి ప్రెసిడెంటుగారి వీధికి మార్చారండి. సభలో అందరూ ఒప్పుకున్నారని రాశారు.”

“ఎవరా ఒప్పుకున్నవాళ్ళు?” అన్నాను, ధర్మాగ్రహంతో.

“మొదటి సంతకం మీదేనండి.”

వెనక్కి తిరిగి, ఏమీ రాయని నల్లబల్లను శుభ్రంగా తుడిచాను. సభకు నేను వెళ్ళలేదని ఒప్పుకోక తప్పలేదు.

“అయితే మీరు పౌరులు కాదాండి?” అన్నాడు ముందు బెంచీవాడు. వాడిది నిజంగా సందేహమే.

ఆ సాయంత్రమే పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. వెనకే తరగతంతా. పుస్తకం తీయించి, సంతకం కొట్టేసి, పక్కన రాశాను: ‘ఈ సభకు నేను రాలేదు. నాకు తెలిసి సభ కూడా రాలేదు.’

ప్రెసిడెంటుగారు చదివి, నెమ్మదిగా కళ్ళజోడు తీశారు. “మాస్టారూ, మీకు ఈ ఊరు పడుతున్నట్టు లేదు. బాపట్ల వైపు సముద్రపు గాలి మంచిదంటారు.”

“అక్కడా ఏడో తరగతి ఉంటుంది కదండి. పాఠం ఇదే.”

నెల తిరక్కుండా గాలి మార్పు ఆర్డరు వచ్చింది. బస్సెక్కే ముందు పిల్లలందరి ఎదుట కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను: చదవని కాగితంమీద ఈ జన్మలో సంతకం పెట్టను, పెట్టినదాన్ని కొట్టేయడానికి ఎంత దూరమైనా వెళతాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

కరుణమ్మ తల్లి, చంకన బిందెతో, ఆగి అంతా విన్నది.

“సంతకం కొట్టేశారు, బానే ఉంది. కుళాయి ఏదండి?”