ఏసీ చుక్కా, పిన్ని గొంతూ

మా పిన్ని మొహం మీకు తెలియదు. గొంతు మాత్రం తెలిసే ఉంటుంది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, దయచేసి లైన్‌లో ఉండండి" అని ఫోన్లో తియ్యగా చెప్పి, ఆ తర్వాత మనల్ని సంగీతానికి అప్పగించి మాయమయ్యే ఆవిడ ఉందే, ఆవిడే మా పిన్ని. లిఫ్టులో "తలుపులు మూసుకుంటున్నాయి" అనేదీ ఆవిడే. బ్యాంకుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ప్రాణం తీసేదీ ఆవిడే.

"నా గొంతు వినగానే జనం ఫోను చెవి దగ్గర్నుంచి దూరంగా పెట్టేస్తారే. ఇదెప్పుడు నోరు మూస్తుందా అని చూస్తారు" అనేది నాతో. నవ్వుతూనే అనేది. ఏళ్ళ తరబడి చేసిన పనిని ఎవరూ కోరి వినలేదన్న బాధ ఆ నవ్వు వెనకాల ఉందని నాకు తెలుసు.

అలాంటి పిన్నికి ఒక నవల చదివే అవకాశం వచ్చింది. పుస్తకాల్ని చదివించి ఆడియోగా అమ్మే స్టూడియో ఆయన ఒక పేజీ చదివించుకుని విన్నాడు. గొంతు నచ్చింది. ఒక్క వాక్యం నచ్చలేదు. మొదటి అధ్యాయంలో ఒక అక్క చెల్లెలితో నానా గొడవా పడి, చివరికి గుమ్మంలో నిలబడి, "తప్పు నాదే. నిన్ను అనరాని మాటలన్నాను" అంటుంది.

"మేడం, ఏమీ అనుకోకండి. మీరు ఆ లైను చదువుతుంటే 'అసౌకర్యానికి చింతిస్తున్నాము' అన్నట్టుంది" అన్నాడాయన. "శుక్రవారం సాయంత్రానికి అధ్యాయం మొత్తం రికార్డు చేసి పంపండి. అప్పుడు చూద్దాం. ఇంకో అమ్మాయి కూడా చదువుతానంటోంది."

పిన్ని ఆ పుస్తకం మీద గంపెడాశ పెట్టుకుంది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఆ వాక్యమే. గట్టిగా అని చూసింది, గుసగుసగా అని చూసింది. ఎలా అన్నా ఫోన్లో ఆవిడే పలికేది. అందులో వింతేమీ లేదు. మా ఇంట్లో పిన్ని నోట ఆ మాట విన్నవాళ్ళెవరూ లేరు. పాలు పొంగినా, కరెంటు పోయినా, తాళం చెవి కనపడకపోయినా తప్పు బాబాయిదే. బాబాయి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. వెంట్రుకవాసి తేడా వస్తే మళ్ళీ మొదట్నుంచీ అరగదీసే ఓపిక ఆయనది. ఆ ఓపికంతా ఇంట్లోనే ఎక్కువ ఖర్చవుతోందని నా అనుమానం.

ఇక ఏసీ సంగతి. మా దగ్గర గాలి గాలిలా ఉండదు, తడిగుడ్డలా ఉంటుంది. ఉప్పు డబ్బాలో గడ్డకడుతుంది. ఆరేసిన బట్టలు ఆరకముందే కంపు కొడతాయి. స్నానం చేసి వచ్చి తుడుచుకుంటుంటే, తుడుచుకుంటున్నది నీళ్ళో చెమటో తెలియదు. అలాంటి చోట పడకగది కిటికీ సందులన్నీ రబ్బరుతో మూసేసి, గోడలకి పాత బొంతలు వేలాడదీసి, దాన్ని రికార్డింగు గదిగా చేసుకుంది పిన్ని. ఏసీ పెట్టి గదిని బాగా చల్లబరచాలి. ఏసీ కట్టేసి, నిశ్శబ్దంలో రికార్డు చేయాలి. ఉక్కపోత మొదలవగానే ఆపి మళ్ళీ ఏసీ పెట్టాలి. ఇదీ పద్ధతి. గది అవతల హాల్లో కంప్యూటరు ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను కూర్చుంటాను. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునేదాన్ని కాబట్టి, ఖాళీ దొరికినప్పుడల్లా పిన్నికి రికార్డింగు ఇంజినీర్ని నేనే.

వేసవి మొదట్లో ఏసీ నీళ్ళు బయటి గొట్టం నుంచి కింది వాటా వాళ్ళ రేకు మీద పడి టకటకమని చప్పుడయ్యేది. ప్రతి రికార్డింగులోనూ అదే తాళం. ఏమైందో ఏమో, కొన్నాళ్ళకి ఆ చప్పుడు ఆగిపోయింది. పీడ వదిలిందనుకున్నాం కానీ, ఎలా వదిలిందని ఎవరమూ అడగలేదు.

సోమవారం పిన్ని చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ సగంలో ఉండగా నా హెడ్‌ఫోన్లలో "టప్" అని వినిపించింది. కాసేపటికి ఇంకో టప్. తలుపు తీసి చూస్తే ఏసీ మూల నుంచి నీళ్ళు గోడ మీదుగా జారి బొంతలోకి దిగుతున్నాయి. కొన్ని నేరుగా నేల మీద పడుతున్నాయి.

"ఏవండీ!" అని పిన్ని పెట్టిన కేకకి బాబాయి చేతిలో కాఫీ ఒలికింది. "నిన్న ఫిల్టర్లు కడుగుతానని దాన్ని విప్పారు కదా! ఏం గెలికారు?"

"ఏమీ గెలకలేదే. కడిగి, ఆరబెట్టి, పెట్టేశాను."

"పెట్టేశారు కాబట్టే కారుతోంది!"

బాబాయి వెళ్ళి బకెట్టు తెచ్చాడు. బకెట్టులో పడితే టప్ కాస్తా టంగ్ అయింది. బకెట్టులో తువ్వాలు వేశాడు. అప్పుడు చప్పుడు తగ్గింది కానీ గోడ మీదుగా జారే నీళ్ళు స్విచ్చుబోర్డు వైపు దారి తీశాయి. ఎదురింటావిడ వచ్చి చూసి, ఏసీ కింద ఒకవైపు అట్టముక్క పెట్టి ఎత్తమంది. ఎత్తితే రెండోవైపు నుంచి కూడా కారడం మొదలైంది. అలాంటి సలహాలు ఇచ్చేవాళ్ళని గుమ్మంలోనే ఆపేయాలని నేను ఆ రోజే తీర్మానించుకున్నాను.

సర్వీసు సెంటరుకి పిన్నే ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. రెండు రింగులయ్యాక, తేనె పూసిన గొంతు పలికింది.

"మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. మా ప్రతినిధులందరూ ప్రస్తుతం ఇతర వినియోగదారులతో మాట్లాడుతున్నారు. దయచేసి లైన్‌లో ఉండండి."

నేనూ బాబాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నువ్వేనే" అన్నాడు బాబాయి మెల్లగా.

"నాకు తెలీదా!" అని కసిరింది. "ఇది చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పమన్నాడు రికార్డు చేసినవాడు. నవ్వు వినపడాలన్నాడు. వినపడుతోందా?"

"చక్కగా వినపడుతోంది" అన్నాన్నేను. పిన్ని నాకేసి చూసిన చూపుకి ఇంకోసారి నోరు తెరవలేదు.

సంగీతం వచ్చింది. మళ్ళీ పిన్ని వచ్చింది, నవ్వుతూ. మళ్ళీ సంగీతం. మూడోసారి నవ్వు వినేసరికి పిన్ని, "ముందు ఆ నవ్వు ఆపవే, దిక్కుమాలినదానా!" అని ఫోను మీద అరిచింది. తనని తను తిట్టుకోవడం మనుషులందరూ చేసేదే, తన గొంతునే ఎదురుగా పెట్టుకుని తిట్టడం మాత్రం నేను అప్పుడే చూశాను. చివరికి ఒక మగగొంతు లైన్లోకి వచ్చి, రేపు మెకానిక్ వస్తాడు, ఇంట్లోనే ఉండండి అన్నాడు.

మంగళవారం మేం ఇంట్లోనే ఉన్నాం. మెకానిక్ రాలేదు. బుధ, గురువారాలూ అంతే. ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు పిన్ని నవ్వు, ఆ తర్వాత "దార్లో ఉన్నాడు మేడం" అనే అబద్ధం. ఏసీ లేకుండా చదువుదామంటే ఆ గదిలో నిమిషం కూర్చోలేం. చెమట కంట్లోకి దిగి అక్షరాలు కనపడవు, నాలుక అతుక్కుపోయి చప్పరించిన చప్పుడొస్తుంది. ఏసీ పెడితే నీళ్ళు. కట్టేసినా లోపల నిలిచిన నీళ్ళు చాలాసేపు చుక్కచుక్కగా కారుతూనే ఉంటాయి. సరిగ్గా ఆ అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడే చోటే చుక్క పడుతుంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. గోడని కొట్టాలనిపించింది, అప్పటికే గోడ తడిసి పెచ్చులూడుతోంది.

శుక్రవారం పొద్దున బాబాయి షాపుకి సెలవు పెట్టేశాడు. "నేను స్టూలెక్కి ఏసీ కింద తువ్వాలు అదిమి పట్టుకుంటా. చుక్క పడదు. నువ్వు చదువుకో" అన్నాడు.

చుక్క పడలేదు. కానీ స్టూలు కిర్రుమంది.

"కదలకండి!"

కదలడం మానేశాడు. ఇంకో పేజీ సాగింది. అంతలో నాకు హెడ్‌ఫోన్లలో బుస్ బుస్ మని వినిపించింది. చెప్పక తప్పలేదు. "పిన్నీ, బాబాయి ఊపిరి వినిపిస్తోంది."

"ఏవండీ, కాస్త ఊపిరి బిగబట్టండి!"

"ఎంతసేపే?"

"పేరా అయ్యేదాకా!"

పాపం, బిగబట్టాడు. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. చేతులు పైకెత్తి, మొహం ఎర్రగా చేసుకుని, మోచేతుల మీదుగా నీళ్ళు చొక్కాలోకి కారుతుంటే కిక్కురుమనకుండా నిలబడ్డాడు. సరిగ్గా "తప్పు నాదే" దగ్గరికి వచ్చేసరికి దగ్గు ఆపుకోలేక దగ్గాడు.

పిన్ని కాగితాలు విసిరికొట్టింది. "మీ వల్ల కాదు! మీ వల్ల ఏ పనీ కాదు! ఆ ఫిల్టర్ల జోలికి పోకుండా ఉంటే ఇవాళ నాకీ గతి పట్టేదా? జీవితంలో ఒక్క పుస్తకం, ఒక్కటంటే ఒక్కటి చదువుకుంటానంటే అది కూడా మీ చేతుల మీదుగానే పోవాలా?"

బాబాయి స్టూలు దిగాడు. తడి తువ్వాలు పిండి, బాల్కనీ తీగ మీద ఆరేసి, అక్కడే కుర్చీలో కూర్చున్నాడు. నాకు పిన్ని మీద ఒళ్ళు మండిపోయింది. అడగాల్సింది. అడగలేదు, ఎందుకంటే ఆవిడ మంచం మీద కూర్చుని ఏడుస్తోంది.

మధ్యాహ్నం భోజనాలు ఎవరూ సరిగా చేయలేదు. అప్పుడు వచ్చాడు మెకానిక్. ఫోను చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతూనే చెప్పులు విప్పాడు, మాట్లాడుతూనే ఏసీ మూత తీశాడు. ఫిల్టర్లు బయటికి లాగి వెలుతురులో పట్టుకుని, "అబ్బో, షోరూంలో కూడా ఇంత శుభ్రంగా ఉండవు" అని ఫోనులో వాడికే చెప్పాడు. పిన్ని మొహంలో రంగు మారింది. అతను లోపల వేలు పెట్టి చూసి, "ట్రే నిండి పొర్లుతోంది. నీళ్ళు బయటికి పోవట్లేదు. గొట్టం ఎటుంది?" అన్నాడు.

గొట్టం బాల్కనీ బయట ఉంది. వెళ్ళి, వంగి, దాని చివర్లో వేలు పెట్టి పీకాడు. నల్లగా, పాకుడు పట్టిన ముద్ద ఒకటి ఊడి వచ్చింది. వెంటనే గొట్టంలోంచి నీళ్ళు భళ్ళున దూకి కింది వాటా రేకు మీద పడ్డాయి. కింద ఎవరో తిట్టారు. మెకానిక్ ఆ ముద్దని అక్కడే కుళాయి కింద కడిగి అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

గుండ్రటి నల్ల స్పాంజి టోపీ. పిన్ని మైకుకి తొడిగేది. పాతది పోయిందని వేసవి మొదట్లో కొత్తది కొన్నాం.

రేకు మీద చప్పుడు ఎలా ఆగిపోయిందో అప్పుడు తెలిసింది. మైకులో గాలి చప్పుడు రాకుండా ఆపే టోపీ, గొట్టానికి తొడిగితే నీటి చప్పుడు కూడా ఆపుతుందని తోచడానికి మైకు ముందు బతికే మనిషే కావాలి. కొన్నాళ్ళు ఆపింది కూడా. నీళ్ళు స్పాంజిలో ఇంకి, చప్పుడు లేకుండా గోడ వెంట జారిపోయాయి. పెట్టిన సంగతి ఆవిడ మర్చిపోయింది. పాకుడు మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"ఇదెవరు పెట్టారండీ?" అన్నాడు మెకానిక్.

పిన్ని నోరు తెరిచింది.

"నేనే" అన్నాడు బాబాయి కుర్చీలోంచి లేస్తూ. "కింద వాళ్ళకి చప్పుడవుతోందని నేనే పెట్టాను."

"ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలియదా సార్? నీళ్ళు పోయే చోట ఎవరైనా బిరడా కొడతారా?" అని మెకానిక్ మళ్ళీ ఫోనులో పడ్డాడు. "ఏం లేదురా, ఇక్కడో పెద్దాయన..." అని నవ్వుతూ చెప్పులేసుకున్నాడు. బాబాయి కూడా నవ్వి తలుపు వేశాడు. ఆయన పిన్ని వైపు చూడలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

పిన్ని వెళ్ళి ఏసీ వేసింది. గది చల్లబడేదాకా అక్కడే నిలబడింది. చుక్క పడలేదు. ఏసీ కట్టేసి తలుపు దగ్గరికి వచ్చింది.

"రండి, వచ్చి కూర్చోండి" అంది బాబాయితో.

"ఎందుకే? కారట్లేదుగా. మళ్ళీ నా ఊపిరి వినిపిస్తుంది."

"రండి, అంటున్నాగా. స్టూలు వద్దు. మంచం మీద కూర్చోండి."

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. పిన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. తలుపు పూర్తిగా పడలేదు, సందులోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. బాబాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పొద్దున చెప్పినట్టే ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. అక్కాచెల్లెళ్ళ గొడవ అయింది. అక్క గుమ్మంలోకి వచ్చింది. పిన్ని కాగితం కిందికి దించేసింది. ఆ వాక్యం చూసి చదవాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడో పోయింది. బాబాయి వైపు తిరిగింది.

"తప్పు నాదే" అంది. గొంతు గీసుకుపోయినట్టుంది. నవ్వు లేదు, తేనె లేదు. "నిన్ను అనరాని మాటలన్నాను."

బాబాయి అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలేశాడు. నా చెవుల్లో పెద్దగా వినిపించింది. ఈ రికార్డింగూ పాడైంది, ఇప్పుడు తిడుతుంది అని నేను మొహం చిట్లించుకుని కూర్చున్నాను. పిన్ని తిట్టలేదు. కాగితం పైకెత్తి తర్వాతి వాక్యం చదివింది. సాయంత్రానికి అధ్యాయం పంపేశాం.

రెండు రోజుల తర్వాత స్టూడియో ఆయన ఫోన్ చేశాడు. "పుస్తకం మీరే చదవండి మేడం. ఆ లైను వినగానే ఇంకో మాట లేదనుకున్నాను. చిన్న ఇబ్బంది ఒకటే. ఆ లైను అవగానే ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది. మా వాళ్ళు తీసేస్తామంటున్నారు. తీసేయమంటారా?"

పిన్ని బాల్కనీ వైపు చూసింది. బాబాయి అక్కడ ఏసీ ఫిల్టర్లు కడుగుతున్నాడు.

"వద్దండీ" అంది. "ఉండనివ్వండి."