కుడి పక్కన రమ్మన్న చెయ్యి

ఒక మనిషి తన కళ్లను తాను నమ్మడం మానేశాడు. మానేసేలా చేసింది నేను. ఈ మాటను ఇన్నేళ్లు గొంతులో పెట్టుకుని తిరిగాను. తిన్న అన్నం దాని పక్కనుంచే దిగేది, తాగిన నీళ్లు దాని పక్కనుంచే దిగేవి. అలవాటైపోయింది. అలవాటు కావడమే అన్నిటికంటే సిగ్గుచేటని ఈమధ్యే తోస్తోంది.

నా పేరు అడగకు. యుద్ధం రోజుల్లో నేను మదురై అవతల రాజపాళయంలో లారీ తోలేవాణ్ణి, అంతవరకు చాలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పత్తి బోరాలు మిల్లుకు చేర్చడం మా పని. పెట్రోలు దొరక్క మా ముదలాళి, అంటే యజమాని, లారీలన్నిటికీ పక్కన బొగ్గు డ్రమ్ములు బిగించాడు. బొగ్గు కాలి వచ్చే గ్యాసుతో బండి నడిచేది గానీ దానికి ఊపు ఉండేది కాదు. ఒకసారి వేగం తగ్గితే మళ్లీ అందుకోవడానికి చాలా దూరం పట్టేది. అందుకని ఎవరికీ బ్రేకు మీద కాలు పెట్టాలనిపించేది కాదు.

కంకర రోడ్డు రెండు బండ్లు ఒరుసుకుని పోయేంత వెడల్పు. దానికి అటూ ఇటూ ఎద్దుబండ్ల మట్టి బాట. వెనకవాడు దాటిపోవాలంటే ముందువాడు ఎడమకు ఒదిగి కుడి పక్క వదలాలి. వదిలి, కిటికీలోంచి కుడిచెయ్యి బయటపెట్టి ముందుకు ఊపాలి. అంటే, ముందు దారి బాగుంది, రా అని. అరచెయ్యి కిందికి తిప్పి మెల్లగా ఆడిస్తే, ఆగు అని. ముందు బండి లేపే దుమ్ములో, పొగలో, వెనకవాడికి రోడ్డు కనపడదు. ఆ చెయ్యి ఒక్కటే కనపడుతుంది. డ్రైవర్ల మధ్య ఎన్ని గొడవలున్నా ఆ చేతితో ఎవడూ అబద్ధం ఆడడు. నేను ఆడాను.

గురుసామికి లారీ నేర్పింది నేనే. మా వీధివాడు, నాకంటే చాలా చిన్న. అన్నా అని పిలిచేవాడు, నిజంగా అన్ననే అన్నట్టు. తొందరగా నేర్చుకున్నాడు. తర్వాత నన్ను మించిపోయాడు. ముదలాళి కొత్త లారీ కొన్నప్పుడు అది నాకే ఇస్తాడని మా ఇంట్లో చెప్పుకున్నాను కూడా. గురుసామికి ఇచ్చాడు. గురుసామి నేరుగా నా దగ్గరికి వచ్చి, బండి ముందు కొబ్బరికాయ నేనే కొట్టాలని పట్టుబట్టాడు. కొట్టాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. అప్పుడు లోపల కలిగినదాన్ని అసూయ అని చాలాకాలం పిలుచుకున్నాను. అసూయ మండుతుంది. ఇది మండలేదు. చల్లగా కూర్చుంది.

మిల్లు గేటు దగ్గరికి ముందు చేరిన బండిని ముందు దించుతారు. వెనకబడినవాడు పొద్దు వాలేదాకా ఎండలో కూర్చోవాలి. గురుసామి నన్ను దారిలో దాటిపోని రోజు లేదు. దాటేటప్పుడు నావైపు తిరిగి నవ్వేవాడు. ఎగతాళి అనుకున్నాను. ఎగతాళేనా? వాడు పాలమ్మే ఆమెను చూసినా, టోలుగేటు వాణ్ణి చూసినా అలాగే నవ్వేవాడు. ఆ సంగతి అప్పుడూ నాకు తెలుసు. తెలియనట్టు ఉన్నాను.

ఆ రోజు చెప్తాను.

ముందురోజు సాయంత్రమే గురుసామి తళవాయిపురం పోయి, బోరాలు ఎక్కించుకుని అక్కడే పడుకున్నాడు. వాడి భార్య అలమేలుకు అన్న వెంగటసామి కూడా వాడితోనే ఉన్నాడు. రాత్రి కొండ మీద వాన పడింది. ఊళ్లో చినుకు లేదు, రోడ్డు మీద దుమ్ము దుమ్ముగానే ఉంది. కానీ కొండ నీళ్లు వాగులోకి దిగి, సేత్తూరు దారిలో ఉన్న చిన్న రాతి వంతెనను ఒక పక్క సగం కోసుకుపోయాయి. పొద్దున నేను ఖాళీ బండితో సేత్తూరు పోతూ అది చూశాను. కూలిన సగం నాకు ఎడమచేతి వైపు ఉంది. ఎవరో దాని ముందు నాలుగు రాళ్లు పేర్చి, ఒక వేపకొమ్మ నాటారు. నేను కుడి పక్కగా మెల్లగా దాటాను. అంటే తిరిగి వచ్చేటప్పుడు, కూలినది కుడి పక్క.

మధ్యాహ్నం సేత్తూరులో సరుకు ఎక్కించుకుని బయల్దేరాను. తళవాయిపురం దారి వచ్చి కలిసే చోట గురుసామి బండి నిలబడి ఉంది. నన్ను ముందు పోనిచ్చి వెనక చేరాడు. వెంగటసామి బోరాల పైన, దుమ్ముకు ముఖం మీద తుండు కప్పుకుని పడుకుని ఉన్నాడు. అది కూడా చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు.

కాసేపటికి గురుసామి హారన్ మొదలుపెట్టాడు. దారి అడుగుతున్నాడు. నేను మధ్యలోనే పోతున్నాను. మళ్లీ కొట్టాడు. వాగు దగ్గరపడుతోంది. దూరంగా వేపకొమ్మ కనపడింది, నాకు మాత్రమే. వాడికి నా దుమ్ము తప్ప ఏమీ లేదు. అప్పుడు ఎడమకు ఒదిగాను. కుడి పక్క వదిలాను. చెయ్యి బయటపెట్టి ముందుకు ఊపాను.

కోపంలో చేశానని చెప్తే నీకు వినడానికి బాగుంటుంది. కోపం లేదు. చంపాలనుకున్నానా? ఆ కొత్త లారీ ముక్కు పగలాలి, వాడు ముదలాళి ముందు తలదించుకుని నిలబడాలి, అనుకున్నది అంతే అని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ వంతెన కింద ఎంత లోతో నాకు తెలుసు. ఆ బోరాల బరువు ఎంతో తెలుసు. తెలిసినవన్నీ ఒక పక్క పెట్టి, కావాల్సింది ఒక్కటే అనుకోవడం కుదురుతుందా? నాకు కుదిరింది.

వాడు నా పక్కకు వచ్చాడు. ఎప్పటిలాగే నావైపు తిరిగి నవ్వాడు. ముందుకు చూసే సమయం ఆ నవ్వులో పోయింది.

చప్పుడు నేను అనుకున్నంత పెద్దగా లేదు. నేను వంతెన దాటి, గట్టినేల చూసి బండి నిలిపి, అప్పుడు దిగాను. లారీ వాగులో పక్కకు పడి ఉంది. వెంగటసామి బోరాల కింద ఉన్నాడు. తీసేసరికి ప్రాణం లేదు. గురుసామి కుడికాలు ఇనుము కింద చిక్కుకుని, డ్రమ్ములోంచి ఒలికిన నిప్పు దాని మీద పడుతోంది. ఒట్టి చేతులతో ఆ బొగ్గులు తోశాను. వాణ్ణి మోసుకుని ఒడ్డెక్కాను. చేతులు బొబ్బలెక్కాయి. ఊరంతా ఆ బొబ్బలే చూసింది. తోడబుట్టిన తమ్ముడికైనా ఇంత చెయ్యరన్నారు. ఆ పొగడ్త నేను కాదనలేదు.

మదురైలో కాలు తీసేశారు. తెలివి వచ్చిందని విని చూడటానికి పోయాను. వార్డులో వాడి మంచం కిటికీ పక్కన ఉంది. నన్ను చూడగానే లేవబోయాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుతా, చెప్పు. నువ్వు నన్ను రమ్మని చెయ్యి ఊపినావా? ఆగమన్నావా?"

"ఇప్పుడెందుకురా అదంతా?"

"ఊపినట్టే కనపడినాది నాకు. రా అన్నట్టే. పొద్దు పొద్దంతా అదే కండ్ల ముందర వస్తా ఉంది."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. చుట్టూ ఎవరూ వినడం లేదు. వాడు కోపంతో అడగలేదు. నేను పొరపాటున ఊపానని చెప్పినా క్షమించి ఉండేవాడు.

"ఆగమన్నాను," అన్నాను. "అరచెయ్యి కిందికి పెట్టి ఆడించినా. నువ్వే చూసుకోకుండా వచ్చేసినావు."

వాడు కిటికీ వైపు తిరిగాడు. అటే చూస్తూ అన్నాడు.

"సరి. అట్లయితే బావను నేనే చంపినా."

"తలరాత రా," అన్నాను. వాడి భుజం తట్టాను కూడా.

మొదటి తప్పు చెయ్యి చేసింది, క్షణంలో అయిపోయింది. రెండోది నోరు చేసింది, తీరిగ్గా, వాడి ముఖం చూస్తూ. ఏది పెద్దదని అడిగితే నేను తడుముకోను.

అలమేలు మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి అదే అడిగింది. నేను చెయ్యి ఊపడం చూశానని మొగుడు మొదట అన్నాడట, ఇప్పుడు తనదే తప్పంటున్నాడట, ఏది నిజం అని. నేను ఊపానని ఒక్క మాట అంటే ఆమె కాపురం నిలిచేది. వాడు తొందరపడ్డాడని చెప్పాను. ఎప్పుడూ అంతేనమ్మా, దూకుడు ఎక్కువ అని, ఎవరూ అడగని మాట ఇంకోటి చేర్చాను. ఆమె కూతుర్ని తీసుకుని మంసాపురంలోని పుట్టింటికి పోయింది. అన్నను తిన్నవాడికి అన్నం వండనని చెప్పి పోయిందట.

ఇక బాగుచేయించాక ఆ కొత్త లారీ ఎవరికి ఇచ్చారో నీకు చెప్పనక్కర్లేదు.

గురుసామి చంకలో కర్రతో లారీ షెడ్డులో కూర్చునేవాడు. కొత్తగా వచ్చిన డ్రైవర్లకు తన కథే చెప్పేవాడు. "ముందువాడి చెయ్యిని ఒకసారి చూస్తే చాలదు, రెండుసార్లు చూడండి. అన్న ఆగమనే చెప్పినాడు, నా కండ్లు తప్పు చూసినాయి," అని నావైపు చూపించేవాడు. వాళ్లు నావైపు మర్యాదగా చూసేవాళ్లు. నేను టీ తాగుతూ ఉండేవాణ్ణి.

రోడ్డు దాటడానికి కూడా వాడు తన కళ్లను నమ్మేవాడు కాదు. చూపు బాగానే ఉంది. అయినా అంచున నిలబడిపోయేవాడు, ఎవరైనా వచ్చేదాకా. నేను కనపడితే ముఖం వెలిగేది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమన్నా వస్తా ఉందా అన్నా?" అని అడిగేవాడు. లేదు, రా, అనేవాణ్ణి. మారుమాట లేకుండా కళ్లు దించుకుని నాతో నడిచేవాడు. ఎన్నోసార్లు దాటించాను. ఒక్కసారి కూడా రోడ్డు మధ్యలో ఆ నిజం చెప్పడానికి నా నోరు తెరుచుకోలేదు.

పోయిన నెల గురుసామి చనిపోయాడు. అలమేలు వచ్చింది, పెరిగిన కూతురితో. వీధిలోనే నిలబడింది. కూతురు లోపలికి పోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. నేను వాళ్లకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. తండ్రి ముఖం ఆ పిల్ల చూడాలంటే నేను ఒక్క మాట చెప్తే చాలు. చెప్పలేదు. పాడె లేచింది, మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పిల్ల వీధి చివరిదాకా మావైపే చూస్తూ ఉంది.

అడిగేవాడు పోయాక నాకు నోరు వచ్చింది. దీన్ని ధైర్యం అనకు. అలమేలుకు చెప్తావా అని నువ్వు అడగవచ్చు. మంసాపురం ఎంతో దూరం లేదు, బస్సులున్నాయి. పోతాననిపించదు. ముసలితనంలో నలుగురి మర్యాద పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, చూశావా, ఇంత చెప్పాక కూడా.

నీకు మాత్రం చెప్పాను. నన్ను ఏమీ అనకపోయినా సరే, మన్నించకపోయినా సరే. ఛాతీ మీంచి కొంచెం దిగినట్టే ఉంది. ఇలా తేలికపడే హక్కు నాకు లేదని తెలుసు. అయినా తేలికగానే ఉంది.