జైబున్నీసా టీచర్ అట్ట కీబోర్డులు

అగరొత్తి పొగ, కొత్త ప్లాస్టిక్ వాసన కలిసి ముక్కుకు తగిలితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మొన్న సోమవారం అదే జరిగింది. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న బడికి గోడంత తెర ఒకటి వచ్చింది, వేలితో తాకితే పనిచేసేది. ప్రార్థన ముగించి నేను వెళ్ళేసరికి మా గుమాస్తా సుబ్బారావు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అగరొత్తులు వెలిగించి, దాని కవరు మళ్ళీ దానికే తొడిగేశాడు. గదికి తాళం కూడా వేసేశాడు. తాళంచెవి రెండు చేతులతో నాకు అందిస్తూ, "మీ దగ్గరే ఉంచుకోండి మేడం గారూ. అసలే కోతిమూకండి. నొక్కి నొక్కి చంపేస్తారు" అన్నాడు. ఏడో తరగతి పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తున్నారు. అలాంటి కిటికీ ఒకటి నేను ఇంతకు ముందే చూశాను. ఆ కిటికీ బయట నిలబడి నాకు పాఠం చెప్పినావిడ పేరు జైబున్నీసా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను విజయవాడలో బీఎడ్ చేస్తున్నాను. మాది చల్లపల్లి. నాన్న కాంపౌండరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవడం తప్ప నలుగురి ముందు నోరు విప్పి ఎరగను. నలభై రోజుల టీచింగ్ ప్రాక్టీసుకి నన్ను ఉయ్యూరు దాటాక ఒక ఊళ్ళో హైస్కూల్‌కి వేశారు. అక్కడ సైన్సు టీచర్ జైబున్నీసా గారు నా పాఠాలు చూసి, రికార్డులో సంతకం పెట్టాలి. యాభై దగ్గర పడిన మనిషి. పొట్టిగా ఉండేవారు, మోచేతుల దాకా సుద్దపొడి. భర్తకి భవానీపురంలో పుస్తకాలకు బైండింగ్ చేసే చిన్న షాపు. రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. "కోపిష్ఠి మనిషమ్మా, జాగ్రత్త" అని స్టాఫ్‌రూమ్‌లో అడుగుపెట్టగానే ఇద్దరు చెప్పారు. ఆ కోపం ఎవరి కోసమో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ప్రాక్టీసుకు ముందు మా కాలేజీవాళ్ళు మా చేత ఒక వ్యాసం రాయించారు. కాబోయే ఉపాధ్యాయురాలిగా తరగతి గదిలో సాంకేతిక పరిజ్ఞానం వాడకం మీద నా అభిప్రాయాలు. ఎనిమిది పేజీలు రాశాను. రాశాను అంటే, మా సీనియర్ అక్క రికార్డులోంచి దించాను. ఆవిడ వాళ్ళ సీనియర్ దగ్గర దించింది. మా కాలేజీలో అదే ఆచారం, ఒక బ్యాచ్ రికార్డు ఇంకో బ్యాచ్‌కి చేరుతుంది, పేరు మారుతుంది. నేను అదనంగా చేసిందల్లా శీర్షికల కింద ఆకుపచ్చ సిరాతో గీతలు కొట్టడం. మొదటిరోజే గొప్పగా తీసుకెళ్ళి జైబున్నీసా గారి చేతిలో పెట్టాను. నిలబడే ఎనిమిది పేజీలూ చదివారు.

"చేతిరాత ముత్యాల్లా ఉంది. కంప్యూటర్ ఎప్పుడన్నా ముట్టుకున్నావా గ్రేసమ్మా?"

"లేదండీ."

"పోనీ, చూశావా?"

"టీవీలో చూశానండీ. బ్యాంకులో ఒకసారి, దూరం నుంచి."

"ముట్టుకోకుండానే ఎనిమిది పేజీలా! గట్టిదానివే. పొయ్యి ముట్టించడం రానిది పెళ్ళికి వంట చేస్తానన్నట్టుంది." వ్యాసం మడిచి తన సంచిలో పడేసుకున్నారు. "ఇది నా దగ్గరుంటుంది. వెళ్ళేటప్పుడు అడుగు."

ఆ సాయంత్రం బస్సులో కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఏం మనిషి ఈవిడ, ఇంత నోరేమిటి అని తిట్టుకున్నాను.

ఆ బడికి రెండేళ్ళ క్రితం ఎవరో పుణ్యాత్ముడు అయిదు కంప్యూటర్లు దానం చేశాడు. వాటికి ఒక గది, ఆ గదికి ఏసీ, తలుపుకి పెద్ద తాళం. తాళంచెవి హెడ్మాస్టరు గారి మొలతాడుకి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అది నేను కళ్ళారా చూశాను. పిల్లలకు శనివారం మాత్రం ప్రవేశం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'దర్శనం'. చెప్పులు బయట విప్పాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి, వరసగా ఒక చుట్టు తిరిగి బయటికి రావాలి. హెచ్చెమ్ గారు స్విచ్ వేసేవారు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వెలిగేవి. పిల్లలు "అబ్బ!" అనేవారు. ప్రతి తెర ముందూ ప్లాస్టిక్ కవరు విప్పని కీబోర్డు, దానికి దసరా నాడు పెట్టిన కుంకుమ బొట్టు. మొదటి శనివారం నేనూ వెళ్ళాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ దండం పెట్టుకున్నాను. క్రైస్తవుల ఇంట పుట్టి, బీఎస్సీ చదివి, ఒక యంత్రానికి దండం! మర్నాడు చార్టు మీద కంప్యూటర్ బొమ్మ గీసి, తెర మీది ఆ అక్షరాలు ఒక్కటీ పొల్లుపోకుండా దించాను. చదవలేదు, దించాను. అప్పటికి నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

జైబున్నీసా గారు మాత్రం ఆ గది గడప తొక్కేవారు కాదు. "పిల్లలు ముట్టుకోని దాన్ని నేనెందుకు చూడాలండీ?" అని హెచ్చెమ్ గారికి మొహం మీదే చెప్పేశారట. ఆవిడ మరో పని చేశారు. భర్త షాపులో మిగిలిన అట్టముక్కలు సంచిలో వేసుకుని బస్సులో తెచ్చేవారు. వన్‌టౌన్‌లో తమ్ముడి కొడుకు ఇంటర్నెట్ సెంటర్ పెడితే, ఆదివారాలు వాడి పక్కన కూర్చుని మీటల వరస నేర్చుకున్నారు. పదో తరగతిలో ప్రతి పిల్ల దగ్గరా, పిల్లాడి దగ్గరా ఒక అట్ట, అట్ట మీద సిరాతో గీసిన మీటలు. రోజూ మధ్యాహ్నం పావుగంట ఆవిడ సుద్దముక్కతో బల్ల మీద తాళం వేస్తుంటే యాభైమంది అట్టల మీద వేళ్ళు ఆడించేవాళ్ళు. చూసి నాకు నవ్వొచ్చింది.

"ఎందుకండీ ఇదంతా?"

"తలుపు ఏదో రోజు తెరుస్తారు గ్రేసమ్మా. ఆ రోజు నా పిల్లలు బిత్తరచూపులు చూడకూడదు" అన్నారు.

ఆ క్లాసులో దేవమణి అని ఒక పిల్ల ఉండేది. తల్లీ తండ్రీ చెరుకు కొట్టుడు కూలీలు. సెలవు రోజుల్లో తనూ వెళ్ళేది. చెరుకు ఆకు కోసిన గీతలు చేతులనిండా ఉండేవి. ఆ చేతులు అట్ట మీద చూడాలి! పది వేళ్ళూ ఆడేవి, కళ్ళు మాత్రం కిటికీ వైపు. ఒకరోజు నా వెనకే వరండాలోకి వచ్చింది.

"టీచర్, పరీక్షలైపోతే నేనింక బడికి రానండి. అమ్మ పనిలోకి రమ్మంటంది. ఒక్కసారి, నిజందాని మీద, నా పేరు నొక్కొచ్చాండి?"

"రేపు చూద్దాంలే" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా అన్నానో తల్చుకుంటే నన్ను నేనే లాగి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ 'రేపు' మా ఫైనల్ లెసన్ రోజున వచ్చింది. బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారి వచ్చి మా పాఠం చూసి మార్కులేస్తారు. కంప్యూటర్ గదిలో పాఠం చెబితే ఎక్కువ మార్కులు పడతాయని మా లెక్చరర్ చెప్పారు. అడిగితే హెచ్చెమ్ గారు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. అయిదుగురు పిల్లలే, వాళ్ళను ఆయనే ఎంచుతారు. బూట్లున్నవాళ్ళను, ఇస్త్రీ బట్టలవాళ్ళను ఎంచారు. "చేతులు మీటల మీద పెట్టండి, నొక్కకండి" అని వాళ్ళకు ముందు రోజు నేనే నేర్పాను. నటన నేర్పాను. దేవమణి నా వంక చూసింది. నేను చార్టు సర్దుకున్నాను.

పాఠం బ్రహ్మాండంగా సాగింది. పరీక్షాధికారి తల ఊపుతూ కూర్చున్నారు. చివర్లో ముందు వరస కుర్రాడితో, "ఏదీ బాబూ, నీ పేరు టైపు చెయ్యి" అన్నారు. వాడు నా వైపు చూశాడు. నేను హెచ్చెమ్ గారి వైపు చూశాను. అప్పుడు కిటికీ బయటి నుంచి జైబున్నీసా గారి గొంతు వినబడింది.

"గ్రేసమ్మా, ఆ తెర మీద ఏం రాసుందో చదివావా?"

నేను తెర వైపు తిరిగాను.

"కీబోర్డు లేదు అని రాసుంది. ఈ మసక కళ్ళతో నాకే ఇక్కడికి కనపడుతోంది! రెండేళ్ళ నుంచి కీబోర్డు లేదు మొర్రో అని అది మొత్తుకుంటుంటే మీరు బొట్లు పెడుతున్నారా?"

నిజం. బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి తెరలు తగిలించి, కీబోర్డులు తర్వాత వచ్చి పెడతానని వెళ్ళాడట, మళ్ళీ రాలేదు. కవరు విప్పితే ఏమవుతుందోనని హెచ్చెమ్ గారు ముట్టుకోలేదు. కీబోర్డుల తీగలు కంపెనీలో చుట్టిన చుట్ట చుట్టినట్టే కవర్లలో ఉన్నాయి. నేనైతే ఆ వాక్యాన్నే చార్టు మీద అందంగా రాసి గోడకు తగిలించాను.

ఆవిడ చెప్పులతోనే లోపలికి వచ్చారు. నా బల్ల మీది కత్తెర తీసుకుని కవరు చీల్చి, కీబోర్డు తీగ విప్పి వెనక గుచ్చారు. "దేవమణీ, రావే" అని పిలిచారు. ఆ పిల్ల మట్టికాళ్ళతో పరుగెత్తుకొచ్చి కూర్చుంది. "ఒకసారి ఆపి వేస్తే చాలు" అంటూ టీచర్ స్విచ్ మీద చెయ్యి వేశారు.

"పాడైతే నా మెడకి చుట్టుకుంటుంది టీచర్ గారూ! మీకేం పోయింది?" అని అరుస్తూ హెచ్చెమ్ గారు పరుగున వెళ్ళి మెయిన్ పీకేశారు. ఏసీ ఆగింది, తెరలన్నీ నల్లబడ్డాయి. ఆ నిశ్శబ్దంలో దేవమణి వేళ్ళు మాత్రం ఆగలేదు. టకటకమని శబ్దం వచ్చింది. తలెత్తి నవ్వింది.

"టీచర్, ఇవి లోపలికి వెళ్తున్నాయండి!"

అట్ట మీది మీటలు కిందికి దిగవు కదా. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. కోపిష్ఠి జైబున్నీసా గారు మొహం గోడవైపు తిప్పుకున్నారు.

నాకు మార్కులు బాగానే వేశారు. అంత నాటకం చూసి కూడా వేశారు! ఆ మధ్యాహ్నం హెచ్చెమ్ గారు నన్ను పిలిచి కాగితం, పెన్ను ముందు పెట్టారు. "టీచర్ గారు పరీక్ష పాడుచేశారు, సామాను చెడగొట్టబోయారు అని రాయమ్మా. నీ సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టాలి కదా" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. నేను రాశాను. ఆ ముత్యాల్లాంటి చేతిరాతతోనే రాశాను. పై వారం ఆవిడకు మెమో వచ్చింది, ఆ వెనకే సముద్రం పక్క ఊరికి బదిలీ. భవానీపురం నుంచి రోజూ వెళ్ళి రాలేనంత దూరం.

నా చివరి రోజున వ్యాసం అడగడానికి కాళ్ళు రాలేదు. ఆవిడే బస్టాపుకు వచ్చారు. మెమోతో పాటు ఫిర్యాదు నకలు ఆవిడకు ఇచ్చారని నాకు తెలుసు. నలభై రోజులు నా రికార్డు దిద్దిన మనిషికి నా అక్షరం గుర్తుపట్టడం ఎంతసేపు? తిడతారని తల దించుకున్నాను. తిట్టినా బాగుండేది. వ్యాసం నా చేతిలో పెట్టి, "బస్సొస్తోంది, ఎక్కు" అన్నారు. అంతే. పేజీల మీద ఎక్కడా ఎర్ర గీత లేదు. చివర మాత్రం రాసి ఉంది: "ముట్టుకున్నాక మళ్ళీ రాయి."

దేవమణి పరీక్షలు రాసి పనిలోకి వెళ్ళిపోయిందని తర్వాత విన్నాను. ఆ గది తాళం ఎప్పుడు తీశారో నేను కనుక్కోలేదు. జైబున్నీసా గారిని వెతుక్కుంటూ భవానీపురం వెళ్ళడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. బైండింగ్ షాపు లేదు, వాళ్ళు ఎటు వెళ్ళారో పక్క షాపువాళ్ళకూ తెలియదు. నా కోపం ఎవరి మీదని అడిగితే హెచ్చెమ్ గారి పేరు చెప్పడం తేలిక. ఆయన భయస్తుడు. నేను చదువుకున్నదాన్ని, ఎదురుగా ఉన్నది చదవనిదాన్ని, అడిగితే చాలు ఏదైనా రాసిచ్చేదాన్ని.

మొన్న సోమవారం సుబ్బారావు ఇచ్చిన తాళంచెవి తీసుకుని తలుపు దగ్గరకు వెళ్ళాను. తాళం తీశాను. కవరు లాగి అవతల పారేశాను. "చెప్పులతోనే రండి" అని కిటికీ వైపు కేక వేశాను. ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక పిల్ల గడప దగ్గరకు వచ్చి, "నేను నొక్కొచ్చాండి, టీచర్?" అంది.

"నొక్కు. ఇప్పుడే."

సుబ్బారావు గాభరా పడ్డాడు. "మేడం గారూ, ఏదన్నా అయితే ఎవరండీ బాధ్యత? రేపు పైనుంచి అడిగితే?"

"కాగితం ఇవ్వండి సుబ్బారావు గారూ" అన్నాను.

పిల్లల గోల మధ్య అక్కడే బల్ల మీద కూర్చుని రాశాను. ఈ గదికి తాళం ఉండదని, పిల్లలు దీన్ని ముట్టుకోవడం నా ఆజ్ఞ అని, పాడైతే బాధ్యత పూర్తిగా నాదని. కింద సంతకం పెట్టి ఒకసారి చూసుకున్నాను. చేతిరాత ఇప్పటికీ ముత్యాల్లాగే ఉంది. ఈసారి ఎక్కడా చూసి దించలేదు, ఎవరూ రాయమనలేదు.