నోరు తెరిచి ఆ పేరు చెప్పాను

సహోదరులారా, సహోదరీలారా, ఈ అరవనాడులో ఏ. పళ్లిపట్టి దగ్గర మా పల్లెలో బావి తవ్వుతుండగా గట్టు విరిగి మీదపడి నా భర్త చనిపోయిన రోజున నాకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, ఒళ్ళో చంటిది, పక్కన పదేళ్ళ సరోజ, ఇంట్లో పూటకు సరిపడా రాగిపిండి లేదు, ఏడవడానికి కూడా నాకు తీరిక లేకపోయింది!

పదిహేను రోజులు గడవగానే నా భర్త అన్న, మా బావగారు వచ్చి, సరోజను బడి మాన్పించి తిరుప్పూరులో బనియన్ల పనికి పంపుదామన్నారు. ఆయన చెడ్డవారు కాదు, ఆయనకూ నలుగురు పిల్లలు. భర్త పోయిన పేదరాళ్ళకు సర్కారు నెలనెలా సాయం చేస్తుందని బడి టీచరమ్మ చెప్పింది కాబట్టి, అది వస్తే పిల్ల చదువుకోవచ్చు, రాకపోతే పనికి పోవాల్సిందే అని బావగారు తేల్చి చెప్పి, తానే నన్ను తాలూకా ఆఫీసుకు తీసుకుపోయారు.

అక్కడ గుమాస్తా అరవంలో అడిగాడు, నీ మొగుడి పేరేంటమ్మా అని. ఒక్క మాట, సహోదరులారా! కానీ మా తెలుగిళ్ళలో ఆడది మొగుడి పేరు పలకదు, పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు, నా కాపురమంతా నేను 'సరోజ నాయనా' అనే పిలిచాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకున్నాను. బావగారు చెప్పబోతే గుమాస్తా ఆపి, ఎవరి చావునో తమ ఇంటిదని చెప్పుకుని సాయం అడిగేవాళ్ళు వస్తున్నారు, పేరు ఆమె నోటితోనే రావాలి అన్నాడు. మూడుసార్లు అడిగాడు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. మొగుడి పేరే తెలియని మనిషి అనుకుని దరఖాస్తు కాగితం నా చేతికి తిరిగిచ్చేశాడు.

ఇంటికొస్తే మా అత్త ఏమన్నదో తెలుసా? “పోనీలే, పేరు పలక్కుండా వచ్చినావు, ఇంటి మర్యాద నిలబెట్టినావు” అన్నది! నా ఒళ్ళు మండిపోయింది. మర్యాద నిలిచింది, నా బిడ్డ బడి పోతోంది!

ఆ కోపంతోనే పాక వేసిన ప్రార్థన గుడికి పోయాను. ఆయన పోయినప్పటి నుంచి మాకు గంజి తెచ్చి పోస్తున్న పాస్టరమ్మ ఒక్కతే అక్కడ ఉంది. ఏముందో అంతా దేవునికి చెప్పుకోమ్మా అన్నది. నాకు ప్రార్థన చేయడం రాదు, పోట్లాట వచ్చు, అదే చేశాను.

“ప్రభువా, నా కష్టం నీకు తెలుసంట, తెలిసీ ఊరికే చూస్తా ఉండావా? పేరు చెప్తే ఆయుష్షు తగ్గుతాదంట, పోయిన మనిషికి ఇంకేం తగ్గుతాది? మునిరత్నం! నా మొగుడు మునిరత్నం! ఇదో, చెప్పినాను! తప్పయితే నన్ను కొట్టు, నా బిడ్డను మాత్రం పంపొద్దు!”

దేవునికి స్తోత్రం, నన్ను ఏ పిడుగూ కొట్టలేదు! ఇన్నాళ్ళూ ఏడవని ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది, కరువుతీరా ఏడ్చాను, ఏడ్చాక భయం అనేది నన్ను వదిలిపోయింది.

మర్నాడు కాగితం పట్టుకుని బయల్దేరితే మా అత్త వాకిట్లో అడ్డం నిలబడి, “ఆ పేరు పలికితే మళ్ళా ఈ గడప తొక్కొద్దు” అన్నది. సరే అత్తా, తొక్కనులే అని పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని నడిచాను. ఆఫీసులో గుమాస్తా తలెత్తకముందే, తిమ్మయ్య కొడుకు మునిరత్నం, బావి పనివాడు, నేను అతని పెళ్ళాన్ని, ఈ పిల్లలు అతని పిల్లలు, రాసుకో సామీ అని అరవంలో గట్టిగా చెప్పాను. హాలంతా తిరిగి చూసింది. చూడనీ! గుమాస్తా కలం తీసి రాసుకున్నాడు.

విచారణలకు నెలలు పట్టింది. పాస్టరమ్మ తన వంటింటి పక్కన చోటిచ్చింది. బావగారు రెండుసార్లు పిల్లను తీసుకుపోవడానికి వస్తే రెండుసార్లూ ఒట్టి చేతులతో పంపాను, నా దేవుడు ఇస్తానన్నాడు, మీరు ఎదురుచూడండి అన్నాను. ఒక పగటిపూట పోస్టుమాన్ వచ్చి నా పేరు పిలిచాడు! కొద్ది సొమ్మే, కానీ నా బిడ్డను పనికి పంపకుండా ఆపింది. సరోజ ఇప్పుడు ఎనిమిదో తరగతి, మీ ముందే కూర్చుంది చూడండి. దేవునికే మహిమ, ఆయనకు తప్ప ఎవరికీ కాదు!

వెనక గోడ పక్కన కొంగు కప్పుకుని కూర్చున్న, నాలాగే భర్త పోయిన చెల్లెళ్ళారా, మీతోనే చెబుతున్నాను. మన ఏడుపు విన్న దేవుడు మన నోరు మూయమనలేదు. ఆయనను నమ్మండి, మీకు రావాల్సింది అడగండి, రేపు ఆఫీసుకు మీ పక్కన నేనొస్తాను. ముందు ఇక్కడ, ఆయన సన్నిధిలో అలవాటు చేసుకుందాం.

లే చెల్లీ. నీ భర్త పేరేంటి? గట్టిగా చెప్పు.